తొమ్మిదిమందిమీ ఇక్కడే ఉన్నాం

పెళ్ళయిన మూడో నెలలో నేను ఒక తలుపు మీద మనసు పడ్డాను. ఆ తలుపును నేను చూడనైనా లేదు. ఊరి చివర కార్పొరేషన్ వాళ్ళు కడుతున్న కొత్త ఇళ్ళలో పడకగదికి విడిగా తలుపు ఉంటుందనీ, దానికి గుండ్రటి ఇత్తడి పిడి ఉంటుందనీ, మూస్తే పూర్తిగా మూసుకుంటుందనీ మా ఆయన వాటీ చెప్పాడు. ట్రాములకు రంగులు వేసే పని కాబట్టి అతనికి ఊరంతా తెలుసు. ఆ రోజంతా నేను బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆ పిడి గురించే ఆలోచించాను.

మా ఇల్లు గ్లాస్గోలో, కౌకాడెన్స్ పేటలో, మూడో అంతస్తులో ఉంది. ఒక గది, ఒక వంటగది. అందులో తొమ్మిదిమందిమి. వాటీ, నేను. మా అత్తగారు జెస్సీ, మామగారు. మామగారి తల్లి, అంటే వాటీ వాళ్ళ నాయనమ్మ. నా ఆడపడుచులిద్దరు, పేర్లు ఐనా, నెటా, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేస్తారు. మరిది రాబ్, ట్రాము కండక్టరు. ఇంకా టలక్ అని ఒకాయన ఉన్నాడు. చుట్టం కాదు, మంచం అద్దెకు తీసుకున్న మనిషి. షెట్లాండ్ దీవుల నుంచి వచ్చాడు, గుమ్మంలో తల వంచి నడిచేంత పొడవు, రాత్రిపూట బేకరీలో పని. అతను పగలు పడుకుని లేచిన మంచంలోనే రాబ్ రాత్రి పడుకుంటాడు. చలికాలంలో ఆ మంచం చల్లబడే ప్రశ్నే లేదని రాబ్ అందరికీ గొప్పగా చెప్పుకుంటాడు.

మా తలుపు మీద చిన్న రేకు బిళ్ళ కొట్టి ఉంటుంది. ఈ ఇంట్లో నాలుగున్నరమందే పడుకోవచ్చని, అంతకు మించితే జరిమానా అని దాని అర్థం. పదేళ్ళలోపు పిల్లలు అర మనిషి కింద లెక్క. నేను యూనివర్సిటీలో చదివి, రెండేళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. పెళ్ళయిన ఆడవాళ్ళు బడిలో పాఠాలు చెప్పకూడదన్న నియమం ఉంది కాబట్టి, పెళ్ళి కాగానే నన్ను పంపేశారు. అయినా ఆ అర మనిషి లెక్క నాకిప్పటికీ ముద్దుగానే అనిపిస్తుంది.

నాకు, వాటీకి వంటగదిలో చోటిచ్చారు. గోడలోకి తొలిచిన అరలో పరుపు వేసి, ముందు తెర వేలాడదీశారు. తెర మీద పసుపు పూలు. ఆ తెర నాకు చాలా ఇష్టం. కానీ దానికి రెండు మూరల దూరంలో నాయనమ్మ తన మడత కుర్చీ విప్పి పడుకుంటుంది. ఆవిడకు కళ్ళు సరిగ్గా కనిపించవు గానీ చెవులు మాత్రం పిల్లి చెవులు.

"ఒరే వాటీ," అని పిలిచేది, మేం గుసగుసగా రెండు మాటలు అనుకోగానే. "ఆ పిల్ల పాదాలు చల్లగా ఉన్నాయంటోంది కదరా. నా మేజోళ్ళు ఇవ్వు."

"వద్దు నాయనమ్మా!" అనేదాన్ని నేను, దిండులో మొహం దాచుకుని.

"సిగ్గెందుకే తల్లీ? ఉన్ని మేజోళ్ళే."

అందుకే నాకు ఆ తలుపు కావాల్సి వచ్చింది.

మార్చిలో కార్పొరేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. నేనే అందరికీ చదివి వినిపించాను. కొత్త చట్టం ప్రకారం ఇరుకిళ్ళలో ఉన్నవాళ్ళందరినీ లెక్కపెడతారు. ఎవరింట్లో మనుషులు మరీ ఎక్కువగా ఉంటే వాళ్ళకు ముందుగా కొత్త ఇల్లు ఇస్తారు. శనివారం మధ్యాహ్నం అధికారి వస్తాడు, ఇంట్లో ఉండేవాళ్ళంతా హాజరుగా ఉండాలి.

"అంటే, దాక్కోకూడదా?" అన్నాడు రాబ్.

"కూడదు. ఎంతమంది కనిపిస్తే అంత మంచిది."

"ఇది ఉచ్చు," అంది నాయనమ్మ.

మామగారు పైపు నోట్లోంచి తీశారు. "అది కాదు గానీ, ముప్ఫై ఏళ్ళుగా మనం ఇద్దరమే అని చెబుతున్నాం. ఇప్పుడు ఉన్నట్టుండి తొమ్మిదిమందిమంటే మనల్ని అబద్ధాలకోరులనుకోరూ?"

ఆయన బెంగ నిజమే. మా వీధిలో కార్పొరేషన్ మనిషిని ఎవరూ అధికారి అనరు, టోపీ అంటారు. రేకు బిళ్ళ మీదున్న లెక్క సరిపోయిందో లేదో చూడడానికి ఆ టోపీ ఎప్పుడు పడితే అప్పుడు వచ్చేది. కింది అంతస్తులో ఉండే మెక్‌గ్లిన్ ఆవిడకు వీధి కనిపిస్తుంది. టోపీ మలుపు తిరగగానే ఆవిడ బొగ్గులు కదిపే కడ్డీతో పొయ్యి వెనక గోడ మీద మూడుసార్లు కొడుతుంది. ఆ చప్పుడు పొగగొట్టం గోడ వెంట అన్ని అంతస్తులకూ పాకుతుంది. ఇక అంతే, మెట్లదారిలో ఉన్న ఎనిమిది ఇళ్ళూ ఖాళీ. ఎవరు ఉండాలో, ఎవరు పోవాలో లెక్కలు వేసుకునే తీరిక ఉండదు కాబట్టి అందరూ దాక్కోవడమే మా ఇంటి పద్ధతి. రాబ్ గోడబీరువాలోకి. ఐనా, నెటా బట్టల బుట్టతో పై అంతస్తుకి. టలక్ అటకమీదికి. మామగారు మెట్ల మలుపులో ఉన్న మరుగుదొడ్డిలోకి, పేపరుతో సహా. నాయనమ్మ చిన్న మనిషి కాబట్టి కిటికీ కింద బొగ్గుపెట్టెలోకి. అత్తగారు మాత్రం బకెట్టు పట్టుకుని మెట్ల మీదికి పోయి, కడుగుతున్నట్టు నీళ్ళు కుమ్మరించి, టోపీ కాలు జారకుండా నెమ్మదిగా ఎక్కేలా చూసేవారు.

"ముప్ఫై ఏళ్ళలో ఒక్కసారి కూడా దొరకలేదు," అంది నాయనమ్మ, ఏదో పతకం చూపిస్తున్నట్టు.

"ఈసారి దొరకాలి," అన్నాను నేను. "దొరికితే నాలుగు గదులొస్తాయి. స్నానానికి తొట్టి కూడా ఉంటుంది."

తొట్టి అనగానే అత్తగారి కళ్ళు మెరిశాయి. "అందరూ వినండి. శనివారం ఎవరైనా కదిలారో, ఈ అట్లకాడ విరిగేదాకా కొడతాను."

శనివారం వచ్చింది. అత్తగారు ఎండుద్రాక్ష వేసిన పెద్ద పుడ్డింగ్ గుడ్డలో కట్టి ఉడికించారు. ఇల్లంతా దాల్చిన చెక్క వాసన. నేను అందరినీ బడిలో కూర్చోబెట్టినట్టు రెండు వరుసలుగా కూర్చోబెట్టాను. మామగారు గట్టి కాలరు తగిలించుకున్నారు. టలక్ నిద్ర మానుకుని, తడి జుట్టు దువ్వుకుని, పెళ్ళికొడుకులా కూర్చున్నాడు. బల్ల మీద తొమ్మిది కప్పులు. ఆ వరుసను చూస్తే నాకెంత ముచ్చటేసిందో! మనిషికొక కప్పు, తొమ్మిదికి తొమ్మిది రకాలు, ఏ రెండూ ఒక్కలా ఉండవు.

మూడున్నరకు పొయ్యి వెనక చప్పుడైంది. ఠక్. ఠక్. ఠక్.

మెక్‌గ్లిన్ ఆవిడకు నేను రెండుసార్లు చెప్పాను. ఆవిడ రెండుసార్లూ తలూపింది. కానీ టోపీ కనబడితే ఆవిడ చెయ్యి ఆవిడ మాట వినదు. చప్పుడు వినబడితే మా వాళ్ళ కాళ్ళు కూడా అంతే. నేను "కదలకండి!" అని అరిచే లోపు కుర్చీలన్నీ ఖాళీ. టలక్ కప్పులో చెంచా ఇంకా తిరుగుతూనే ఉంది. అట్లకాడతో కొడతానన్న అత్తగారే అందరికంటే ముందు బకెట్టు పట్టుకుని పరుగెత్తారు.

"వాటీ?" అన్నాను.

బల్ల మీది గుడ్డ కింద నుంచి రెండు బూట్లు కనిపిస్తున్నాయి. చిన్నప్పుడు అతను దాక్కునే చోటు అదేనట. అప్పుడు సరిపోయేవాడు.

తలుపు తట్టి ఒక సన్నటాయన లోపలికొచ్చాడు. చేతిలో పుస్తకం, నెత్తిన టోపీ, జలుబుతో ఎర్రబడ్డ ముక్కు. పేరు స్ప్రౌల్ అని చెప్పాడు.

"మీరొక్కరేనా అమ్మా?"

"కాదండీ. తొమ్మిదిమందిమి ఉంటాం."

ఆయన గది చూశాడు. వంటగది చూశాడు. నన్ను చూశాడు. "కింది నుంచి ఇక్కడిదాకా ఆరిళ్ళు చూశాను. ప్రతి ఇంట్లోనూ ఒక్క ఆడమనిషే. ఈ మెట్లదారిలో మగవాళ్ళు, పిల్లలు అనేవాళ్ళే లేరా?"

"ఉన్నారండీ. చూడండి, కప్పులు తొమ్మిది. ఇంకా ఆవిరొస్తోంది."

"కప్పులు రాయడానికి నా దగ్గర గడి లేదు. కళ్ళతో చూసిన తలలే రాయాలి."

"వాటీ, బయటికి రా," అన్నాను.

ఒక చెయ్యి వచ్చి బల్ల మీది గుడ్డ అంచును ఇంకాస్త కిందికి లాగింది.

"వాటీ, నీ బూట్లు కనిపిస్తున్నాయి."

బూట్లు మెల్లగా లోపలికి పోయాయి.

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గబగబా వెళ్ళి గోడబీరువా తెరిచాను. జామ్ సీసాల మధ్య రాబ్ కళ్ళు గట్టిగా మూసుకుని నిలబడి ఉన్నాడు.

"ముయ్యి వదినా, ముయ్యి!" అన్నాడు పళ్ళ సందుల్లోంచి.

బొగ్గుపెట్టె లోపలి నుంచి నాయనమ్మ గొంతు వినిపించింది. "ఎవరైనా ఆ పిల్ల నోరు మూయించండి! చదువుకున్న పిల్ల, నిజం చెప్పేస్తుంది!"

స్ప్రౌల్ గారు పెట్టె వైపు, బీరువా వైపు, బల్ల వైపు చూసి, రుమాలు తీసి ముక్కు చీదుకున్నాడు. అప్పుడే అత్తగారు ఆయాసపడుతూ వెనకే వచ్చారు. బకెట్టు కింద పెట్టారు.

"ఇంటావిడ మీరేనా? ఇక్కడ ఎంతమంది ఉంటారు?" అన్నాడాయన.

"నేనూ మా ఆయనా, అంతే బాబూ," అన్నారు అత్తగారు, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా. "ఇద్దరికీ బోలెడంత చోటు."

"మరి ఈమె?"

"ఈమె చుట్టపుచూపుగా వచ్చింది. సాయంత్రం బండికి వెళ్ళిపోతుంది."

ఆ మాట అనేశాక ఆవిడకు గుర్తొచ్చింది. రెండు చేతులతో నోరు మూసుకున్నారు. కానీ స్ప్రౌల్ గారు పెన్సిల్ నాలికకు తాకించుకుని అప్పటికే రాయడం మొదలుపెట్టాడు. ఆ పెన్సిల్ కదులుతుంటే ఇత్తడి పిడి ఉన్న నా తలుపు ఊరి చివర నుంచి ఇంకా దూరంగా జరిగిపోతున్నట్టు అనిపించింది.

అప్పుడు నాకు నా బడి గొంతు వచ్చింది. నలభైమంది పిల్లలున్న తరగతిలో వాడే గొంతు, మూడు నెలలుగా వాడనిది.

"అందరూ బయటికి రండి! ఇప్పుడే! వరుసలో!"

బీరువా తెరుచుకుంది. బల్ల ఊగింది, వాటీ కప్పులు పడకుండా చేతులతో పట్టుకుంటూ పాకి బయటికొచ్చాడు. బొగ్గుపెట్టె మూత లేచి, నల్లటి మొహంతో నాయనమ్మ తల బయటికొచ్చింది. అటక మీంచి టలక్ కాళ్ళు, ఆ తర్వాత చాలాసేపటికి మిగతా టలక్ దిగాడు. మామగారు పేపరు మడుచుకుంటూ వచ్చారు. ఐనా, నెటా బుట్టతో సహా పరుగెత్తుకొచ్చారు.

"చూశారా?" అన్నాను నేను గర్వంగా. "తొమ్మిది."

అంతటితో ఆగితే బాగుండేది. కింద మెక్‌గ్లిన్ ఆవిడ తను చేసిన పని తెలుసుకుని, మాకు న్యాయం చేద్దామని, తన ఐదుగురు పిల్లల్నీ పైకి తోసింది. తనూ గుమ్మంలోకి వచ్చి, "జెస్సీ, మీ పిల్లలు మా ఇంట్లో ఆడుకుంటుంటే తీసుకొచ్చా!" అని కన్ను గీటింది. స్ప్రౌల్ గారికి కూడా కనిపించేంత పెద్దగా గీటింది.

ఆయన పుస్తకం మూసేశాడు.

"ఇందాక ఒకరు. తర్వాత ఇద్దరూ, ఒక చుట్టమూ. తర్వాత తొమ్మిది. ఇప్పుడు పద్నాలుగు. ఇంకో ఐదు నిమిషాలుంటే వీధి మొత్తం ఈ ఇంట్లోనే కాపురముంటుంది. పిల్లల్ని అరువు తెచ్చుకోవడం నేను చూడలేదనుకుంటున్నారా? ఈ ఇంటి లెక్క తేలలేదని రాస్తాను. వచ్చే ఏడాది మళ్ళీ వస్తాం."

వచ్చే ఏడాది! నాయనమ్మ మేజోళ్ళతో ఇంకో ఏడాది! వాటీ మొహం చూశాను. అతను నా మొహం చూసి చెయ్యి పట్టుకున్నాడు. ఆ చెయ్యి పట్టుకోగానే నాకు ఆలోచన తట్టింది.

"అయ్యా, ఒక్క మాట. తలలు ఎవరైనా అరువు తెచ్చుకోవచ్చు. ఎక్కడ పడుకుంటారో ఎలా అరువు తెచ్చుకుంటారు? మేం పడుకుని చూపిస్తాం. ఈ ఇంటివాళ్ళు కానివాళ్ళకు చోటు తెలియదు."

"ఇప్పుడా? పట్టపగలు?"

"ఒక్క నిమిషం పడుతుంది."

నిజంగా నిమిషం పట్టలేదు. నా లెక్క ప్రకారం ముప్ఫై సెకన్లు. గదిలో గోడ పరుపు మీద లోపల ఐనా, మధ్యలో అత్తగారు, అంచున నెటా. ముగ్గురూ ఒకేసారి ఎడమ పక్కకు తిరిగారు. ఒకరు తిరిగితే అందరూ తిరగాలి మరి. మామగారు సోఫా మీద పడుకుని కాళ్ళు కిటికీ గట్టు మీద పెట్టారు. వంటగదిలో మేమిద్దరం పూల తెర వెనక్కి ఎక్కాం. మా పరుపు కింద నుంచి రాబ్ చక్రాల మంచం బయటికి లాగాడు. టలక్ తల ఒకవైపు, రాబ్ తల ఇంకోవైపు. శనివారం బేకరీ సెలవు కాబట్టి ఇద్దరికీ ఒకే రాత్రి పడుతుంది.

"నీ గోళ్ళు కత్తిరించుకోమని చెప్పానా లేదా?" అన్నాడు రాబ్.

"నీ ముక్కు అక్కడెందుకు పెట్టావు మరి?" అన్నాడు టలక్.

నాయనమ్మ మడత కుర్చీని సరిగ్గా తలుపుకు అడ్డంగా విప్పి, వాలిపోయింది. మెక్‌గ్లిన్ వాళ్ళ ఐదుగురూ ఎక్కడికి పోవాలో తెలియక మధ్యలో నిలబడిపోయారు. చివరి పిల్ల నాయనమ్మ పక్కన దూరబోయింది.

"ఏమే, మీ ఇంట్లో మంచం లేదూ? పో! నా మోకాలి చోటది!" అంది నాయనమ్మ.

పిల్లలు ఆవిడ మీంచి దూకి ఇంటికి పారిపోయారు. చక్రాల మంచం, మడత కుర్చీ, బల్ల కలిసి నేలంతా మింగేశాయి కాబట్టి నిలబడే చోటు లేక స్ప్రౌల్ గారు బొగ్గుపెట్టె మూత మీదికి ఎక్కి, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాడు. అక్కడి నుంచి ఆయనకు రెండు గదులూ కనిపిస్తాయి.

"గదిలో నలుగురు," అంటూ రాసుకున్నాడు. "మంచంలో ఇద్దరు. కుర్చీలో ఒకావిడ. తెర వెనక?"

"ఇద్దరం!" అన్నాం నేనూ వాటీ. పట్టపగలు, బూట్లతో సహా, ఒక ప్రభుత్వ అధికారి ఎదుట. నాకు నవ్వాగలేదు. తెర ఊగింది.

"తెర వెనక ఇద్దరు, నవ్వుతూ," అన్నాడాయన. రాశాడో లేదో తెలియదు. "మొత్తం తొమ్మిది. ఒక్కరు కూడా తడుముకోలేదు. కొత్త చట్టం ప్రకారం రెండు గదులకు ముగ్గురే ఉండాలి, మీరు ఆరుగురు ఎక్కువ. నాలుగు గదుల ఇంటికి మీ పేరు ముందు వరుసలో పెడుతున్నాను. సెప్టెంబరులో తాళం చెవి ఇస్తారు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ పడుకుని ఉన్నారు కదా, చేతులు కదిలించే చోటు లేదు. కానీ గదిలోంచి అత్తగారు ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఇప్పుడు నేను వెళ్ళొచ్చా?" అన్నాడు స్ప్రౌల్ గారు.

"వెళ్ళలేవు బాబూ," అంది నాయనమ్మ. "ముందు టలక్ లేవాలి, ఆ తర్వాత రాబ్, అప్పుడు మంచం లోపలికి పోవాలి, అప్పుడు నేను లేస్తాను. ఆ లోపు పుడ్డింగ్ తిను. ముక్కు కారుతోంది, వేడిగా తింటే మంచిది."

ఆయన పెట్టె మీదే కూర్చుని రెండు ముక్కలు తిన్నాడు. మూడోది రుమాల్లో కట్టించుకున్నాడు.

ఆయన బయల్దేరేసరికి మెట్లదారి అంతా సంగతి పాకిపోయింది. మిగతా ఇళ్ళవాళ్ళంతా తమను మళ్ళీ లెక్కపెట్టాలని, పడుకుని చూపిస్తామని మెట్ల మీద కాచుకుని ఉన్నారు. వాళ్ళకు పద్ధతి నేర్పడానికి మామగారు, అత్తగారు ముందు నడిచారు. ఐనా, నెటా ఒక ఇంటికి, రాబ్ ఇంకో ఇంటికి వెళ్ళారు. టోపీని స్వయంగా సాగనంపాలని నాయనమ్మ పట్టుబడితే టలక్ ఆవిడను కుర్చీతో సహా ఎత్తుకుని కిందికి దిగాడు.

తలుపు మూసుకుంది. ఇంట్లో వాటీ, నేను. అంతే.

పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. పొయ్యిలో బొగ్గు చిటపటలాడడం కూడా వినిపిస్తోంది. ఇద్దరం కొంచెంసేపు ఒకరినొకరు చూసుకున్నాం, ఏం చెయ్యాలో తెలియక.

"సెప్టెంబరు," అన్నాడు వాటీ.

"తలుపు," అన్నాను నేను.

"అవును. కానీ ఎఫీ, రాత్రిళ్ళు ఆ తలుపు కాస్త తీసి పెట్టుకుందాం."

"ఏంటీ?"

"కొంచెమే. మూసేస్తే నాకు నిద్ర పట్టదేమో. పుట్టిన దగ్గర్నుంచి ఎవరో ఒకరి గురక వింటూనే పడుకున్నాను."

"తీసి పెట్టడానికా నేను ఇంత చేశాను?" అన్నాను, గొంతు పెరిగిపోతూ. "కార్పొరేషన్ మనిషి ముందు బూట్లతో పడుకున్నది ఇందుకా?"

"జానెడే అన్నాను కదా!"

"జానెడు కూడా వద్దు! వేలెడు కూడా వద్దు!"

"ఇల్లు ఇద్దరిదీ! నీ ఒక్కదాని మాటే చెల్లుతుందా?"

"తలుపు నాది!"

అతను అరిచాడు. నేను అరిచాను. బల్ల మీద గుద్దాను, కప్పులు గలగలలాడాయి. ఎవరూ మధ్యలోకి రాలేదు. ఎవరూ "ఆ పిల్ల చెప్పిందే నిజం రా" అనలేదు, మేజోళ్ళు ఇవ్వలేదు. మూడు నెలల కాపురంలో ఇది మా మొదటి పోట్లాట, మొదటి నుంచి చివరిదాకా మాదే. చెవుల దాకా వేడెక్కింది, ఎంత బాగుందో చెప్పలేను. వాటీ కూడా అరుస్తూ అరుస్తూ నవ్వేస్తున్నాడు.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. బరువైన అడుగులు, టలక్‌వి. ఇద్దరం ఒక్కసారిగా నోళ్ళు మూసేశాం.

వాటీ నా చెవి దగ్గరికి వంగాడు. "మిగతాది కొత్తింట్లో," అన్నాడు.